తిత్తి పనికి పత్తి పని

ఆ ఏడు రాయచూరు చుట్టుపట్ల పత్తి విరగకాసింది. మా కెమెరాలను మాత్రం అడిగిన నాథుడు లేడు.

కెమెరాలంటే మెడలో వేలాడేసుకునేవి కావు. టేకు చెక్క, ఇత్తడి బిగింపులు, మధ్యలో సాగి ముడుచుకునే నల్లటి తోలు తిత్తి, వెనక గరుకు అద్దం. ముక్కాలి స్టాండు మీద నిలబెట్టి, తల మీద నల్లగుడ్డ కప్పుకుని, ఊపిరి బిగబట్టి తీసే తాతలనాటి రకం. ఒక్కొక్కటి చేతితో చెయ్యడానికి నెల పైన పట్టేది. ఖరీదు ఒక మోటారు సైకిలంత. "మోటారు సైకిలైతే ఎక్కి సంతకైనా పోవచ్చు. దీన్నెక్కి ఎక్కడికి పోతారమ్మాయ్?" అని మా మామయ్యగారు శివరామకృష్ణయ్య నన్నడిగేవారు. కొడుకుని అడిగితే జవాబు పొడుగ్గా ఉంటుందని ఆయన భయం.

మా ఆయన లోకనాథ్ బాళగనూరు దగ్గర ఆంధ్ర రైతుల క్యాంపులో పుట్టాడు. కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి వరి పండిస్తున్న ఇల్లు వాళ్లది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పెళ్లిళ్లకు ఫోటోలు తీసుకుంటూ, ఎవరింట్లోనో అటక మీద దొరికిన పాత చెక్క కెమెరా ఒకదాన్ని విప్పి బాగుచేశాడు. ఆ తర్వాత వరి వైపు చూడలేదు. యరమరస్‌లో రోడ్డు పక్కన షెడ్డు వేశాడు. జర్మనీలో ఒక షాపువాడు, జపానులో, అమెరికాలో తీరికా డబ్బూ ఉన్న మనుషులు మా గిరాకీ. మన దేశంలో మా కెమెరా కొన్నవాడు నాకు తెలిసి లేడు. చూసి మురిసినవాళ్లు చాలామంది.

షెడ్డులో ఇద్దరు పనివాళ్లు. చెక్క పని కిష్టప్పది. తిత్తి పని సుంకవ్వది. సుంకవ్వ యాపలదిన్ని నుంచి పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేది. భజన మేళాల హార్మోనియం తిత్తులు బాగుచేసే ఇంటికి కోడలిగా వచ్చి, భర్త పోయాక ఆ పని తన చేతికి తీసుకుంది. తోలును పల్చగా గీసి, లోపల అట్ట పట్టీలు జిగురుతో అంటించి, జిగురు పూర్తిగా బిగిసేలోగా మడత మీద మడత వేసుకుంటూ పోవాలి. ఆ మడతలు ఆమె వేళ్లకు తప్ప ఇంకెవరికీ లొంగేవి కావు. మా ఆయన ప్రయత్నించాడు. ఆయన చేసిన తిత్తి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఉల్లిపాయలు పోసుకుంటున్నాం.

ఆయుధపూజ బాగానే చేశాం. లేతు మిషనుకు కుంకుమ పెట్టి, అరటిపళ్లు పెట్టి, నిమ్మకాయ కోశాం. దసరా వెళ్లీ వెళ్లగానే జర్మనీ షాపువాడు కబురు పెట్టాడు. అక్కడ వ్యాపారాలు పడిపోయాయట, షాపు మూసేస్తున్నాడట, ఇచ్చిన ఆర్డర్లు లేవనుకోమన్నాడు. అతను మర్యాదస్తుడు, క్షమించమని రెండుసార్లు రాశాడు. అతని వెనకాలే మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే తప్పుకున్నారు. కష్టకాలం వస్తే మనిషి మొదట మానేసేది మాలాంటివాళ్ల సరుకే. బియ్యం మానలేడు, మందులు మానలేడు. టేకు కెమెరా లేకపోతే ఎవరి ప్రాణం పోతుంది?

మా ఆయన ఇద్దర్నీ కూర్చోబెట్టి, ప్రపంచమంతా మాంద్యం వచ్చిందని చెప్పాడు. మాంద్యమంటే కరువేనా అని కిష్టప్ప అడిగాడు. కరువే, కాకపోతే వానలు పడుతూనే ఉంటాయి అన్నాడు మా ఆయన. కూలి ఇవ్వలేనని, ఎక్కడైనా పని చూసుకోమని చెప్పాడు. కిష్టప్ప తలూపి, మర్నాటి నుంచి రాయచూరులో ద్వారబంధాల పనికి పోయాడు. పోతూ పోతూ తన ఉలులకు నూనె రాసి, గుడ్డలో చుట్టి, మా అల్మరాలోనే పెట్టి పోయాడు. నాకది పెద్ద ధైర్యంగా తోచింది.

ఒక్క ఆర్డరు మిగిలింది. జపానులో ఒక పెద్దావిడ, చెట్ల మీద పడిన మంచును ఫోటోలు తీసే మనిషి. మామూలు దానికన్నా పెద్ద కెమెరా, పొడుగాటి తిత్తి కావాలని వేసవిలోనే అడిగింది. ఆవిడ మాత్రం మాట మార్చలేదు. అయితే మంచు కరగకముందే కెమెరా తనకు చేరాలని, కరిగాక దానితో పని లేదని రాసింది. చేరాకే సొమ్ము. ఆ కెమెరా పోతే షెడ్డు ఇంకో ఏడు నిలుస్తుంది. పోకపోతే లేతు మిషనూ టేకు దుంగలూ కొంటానని హైదరాబాదు నుంచి ఒకాయన అప్పటికే ఫోన్లు చేస్తున్నాడు. మా ఫోను నంబరు ఆయనకిచ్చింది మా మామయ్యగారే. అమ్మేసి క్యాంపుకి వచ్చి పొలం చూసుకోమని ఆయన పట్టు.

చెక్క పని ఆగిపోకముందే కిష్టప్ప పెట్టె పూర్తి చేసి పెట్టాడు. మిగిలింది తిత్తి. మా ఆయన సుంకవ్వను పిలిచి సంగతంతా చెప్పాడు. సొమ్ము ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో కూడా దాచకుండా చెప్పాడు. ఆమె తోలు చుట్టను విప్పి, వేలితో మందం చూసుకుంటూ విన్నది.

"మంచు అంటే ఎట్లుంటది సారు?" అని అడిగింది.

"మీ పత్తి చేను కాయలు పగిలి తెల్లబడినప్పుడు ఉంటుంది చూడు, అట్లా ఉంటుంది."

"అయితే జల్ది జెయ్యాలె. అది ఆగేది గాదు." ఆమె తోలు మీద సున్నపుముక్కతో గీత గీసింది. "ఇది ముయ్యి అనుకో సారు. నేను మీ పనికొస్త. మా చేను పగిలినప్పుడు మీరు రాండ్రి."

ముయ్యి అంటే ఈ సీమలో అందరికీ తెలిసిందే. కూలి డబ్బు లేని చోట పనికి పని బదులు. ఈ రోజు నేను నీ చేనుకు వస్తే, రేపు నువ్వు నా చేనుకు వస్తావు. మాకు తెలియని మాట కాదది. అది మాకూ వర్తిస్తుందని మాత్రం మాకు తోచలేదు. క్యాంపుల్లో వరికోతకు మిషన్లు వస్తాయి, నాట్లకు కూలి ముఠాలు వస్తాయి, ఎవరూ ఎవరి పొలానికీ ఊరికే పోరు. కూలి లేకుండా పనిచెయ్యడానికి ఆమె ఒక మర్యాద మాట అన్నదనుకున్నాం. మా ఆయన కళ్లు తుడుచుకుని, ఇంత మంచి మనిషి ఎక్కడుంటుంది దేవికా అన్నాడు. నేనూ అవునన్నాను.

సుంకవ్వ రోజూ వచ్చింది. తన చేను పగిలిందని చెప్పింది, ఇంకా పగులుతున్నదని చెప్పింది. ఒకరోజు, ముందుగా పగిలినచోట గాలికి పత్తి రాలుతున్నదని చెప్పింది. మేము అయ్యో అన్నాం. ఆమె మా ముఖాలకేసి కాసేపు చూసి మళ్లీ కత్తి పట్టుకుంది.

అలాంటి రోజుల్లో మా అత్తయ్యా మామయ్యగారూ కొత్త బియ్యం తీసుకుని క్యాంపు నుంచి వచ్చారు. మా అత్తయ్య వెంకటరత్నమ్మది వెన్నలాంటి మనసు. కూలి లేకుండా ఒక మనిషి మా కోసం అన్నాళ్లుగా బస్సెక్కి వస్తున్నదని విని, ఆవిడకు అన్నం సయించలేదు. నా కోసం తెచ్చిన చీర పెట్టెలోంచి తీసింది. ఆకుపచ్చ చీర, జరీ అంచు, నాకూ బాగా నచ్చింది. దాన్ని పళ్లెంలో పెట్టి, రెండు అరటిపళ్లతో షెడ్డులోకి పోయి సుంకవ్వ చేతికిచ్చింది. సుంకవ్వ పళ్లెం పక్కన పెట్టింది. చీరను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదెందుకమ్మా?"

"మాకు నువ్వు చేసినదానికి తల్లీ. నీ రుణం ఉంచుకోకూడదు కదా" అంది అత్తయ్య.

సుంకవ్వ చీర మడత చెదరకుండా తీసుకుపోయి లేతు మిషను మీద పెట్టింది. సగం మడతలు పడిన తిత్తి మీద గుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, సంచి తీసుకుని బస్సుకు చాలా ముందుగానే వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను చేస్తే మోగింది గాని ఎవరూ ఎత్తలేదు.

ఇంట్లో నాలుగు రకాల మాటలు నడిచాయి. ఒంట్లో బాలేదేమోనని అత్తయ్య. చీర రంగు నచ్చలేదేమోనని కూడా ఆవిడే. ఇలాంటి పనివాళ్లను నమ్ముకునే వ్యాపారం వ్యాపారమేనా అని మామయ్యగారు. హైదరాబాదు ఆయన ఆదివారం వచ్చి లేతు చూస్తాడని కూడా చెప్పారు. మా ఆయన తిత్తి ముందు కూర్చుని, మిగిలిన పట్టీలు తానే మడవబోయి, ఒక మడత వంకరగా పడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జిగురు బిగుసుకుపోతే మళ్లీ మొదటికి రావాలి. మొదటికి వస్తే మంచు దొరకదు. సాయంత్రం కిష్టప్ప ఉలి ఒకటి తీసుకుపోదామని వచ్చి సంగతి విన్నాడు. కూలి ఇవ్వనప్పుడు రోజూ వచ్చిన మనిషి చీర ఇచ్చాక మానేసిందంటే తప్పు ఎక్కడుందో చీరనే అడగండి అని నవ్వుతూ అని, పోయాడు.

మర్నాడు నేను ఒక్కదాన్నే యాపలదిన్ని బస్సెక్కాను. ఆకాశం మసకగా ఉంది. బంగాళాఖాతంలో ఏదో వాయుగుండం ఉందని బస్సులో చెప్పుకుంటున్నారు. రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు. చాలా చేలల్లో తీత అయిపోయి చెట్లు బోసిగా ఉన్నాయి. సుంకవ్వ చేను దగ్గరికి పోయి ఆగిపోయాను. మొదటి తీతకు రావలసిన పత్తి ఎక్కడిదక్కడే ఉంది. చేనంతా తెల్లగా విచ్చుకుని, కొంత కిందకు వేలాడుతూ, కొంత మట్టిలో పడి ఉంది. అంత చేనులో సుంకవ్వా, ఆమె కోడలూ, ఇద్దరే.

నన్ను చూసి సుంకవ్వ ఆశ్చర్యపోలేదు. వచ్చినవా అని, గట్టున ఉన్న నీళ్ల బిందె చూపించింది. పక్క చేను గట్టు మీద కూర్చున్న ఆడమనిషి నన్ను కిందికీ పైకీ చూసింది. ఆమె పేరు అయ్యమ్మ అని తర్వాత తెలిసింది.

"సుంకవ్వా, నీ కెమెరా బలగం ఇదేనా? ఒక్కతే దిగింది" అంది అయ్యమ్మ.

సుంకవ్వ ఆమెను ఊరుకోమంది. అయ్యమ్మ ఊరుకునే రకం కాదు. జరిగింది నాకు ఆమె చెబితేనే తెలిసింది. ఆ వీధిలో ఇళ్లన్నీ తీతలకు ముయ్యి కలుస్తాయి. సుంకవ్వ ఈసారి ఎవరి చేనుకూ పోలేదు, ఆ రోజులన్నీ మా షెడ్డుకు ఇచ్చింది. ఎవరి చేనుకూ పోని మనిషి చేనుకు ఎవరు వస్తారు? మరి నీ పత్తి ఎవరు తీస్తారే అని అడిగితే, కెమెరా వాళ్లు వస్తరు, మాటయింది అని చెప్పిందట. ఆంధ్ర క్యాంపు పెద్దోళ్లు మన చేన్లకు ముయ్యికి వస్తారా అని వీధి వీధంతా నవ్విందట. చూస్తుండుండ్రి అన్నదట సుంకవ్వ. అందరూ చూస్తూనే ఉన్నారు.

నేను చీర గురించి ఏదో చెప్పబోయాను, అత్తయ్య మంచి మనసుతోనే ఇచ్చిందని. సుంకవ్వ పత్తి తీస్తూనే మాట్లాడింది. కోపం లేదు ఆమె గొంతులో.

"చీర మంచిదే. మీ అత్త మనసూ మంచిదే. గని చీర ఇచ్చిండ్రంటే, ఇగ రారని అర్థమైంది నాకు. లెక్క తెంపుకున్నరని. తిత్తి జేసినందుకు చీర ఇస్తే నేను కూలిదాన్నైన. కూలికైతే పత్తి తీసే దినాల్ల నేనెందుకొస్త మీ కాడికి?"

నేను చెంగు విప్పి నడుముకు ఒడి కట్టుకున్నాను. ఆమె దగ్గరకు వచ్చి, ముడి సరిగా లేదని విప్పి, జారకుండా మళ్లీ కట్టింది. ఆ సాయంత్రం ఆఖరి బస్సు వరకూ తీశాను. కాయ మొనలు గుచ్చుకుని వేళ్ల చివర్లు మండాయి. నేను తీసింది ఆమె కోడలు తీసినదాంట్లో సగం కూడా లేదు. అయినా అయ్యమ్మ లేచి ఇంటికి పోయేటప్పుడు నా ఒడి వైపు చూసి, పర్వాలేదన్నట్టు తలాడించింది.

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా ఆయన తల పట్టుకున్నాడు. మాట ఇచ్చి పోకుండా కూర్చున్నామే అని అదే అదే అన్నాడు. అత్తయ్య ఏడ్చింది. రేపు మేమిద్దరం పోతామని నేను అన్నాక మామయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"మా చిన్నతనంలో, ఇక్కడికి రాకముందు, మా ఊళ్లోనూ ఉండేదమ్మాయ్. చేబదులు అనేవాళ్లం, డబ్బుకు కాదు, చేతి పనికే. మా నాన్న నాట్లకు ఊళ్లో అందరి పొలాలకూ పోయేవాడు, మమ్మల్నందరినీ వెంటేసుకుని. కాలువ నీళ్లొచ్చి నాలుగు గింజలు కళ్లజూశాక మరిచిపోయాం. ఒక్క మనిషి పోతే అది కూలి కిందే లెక్క. చేబదులంటే ఇల్లు ఇల్లంతా పోవాలి."

పొద్దున్నే లేచి చూసేసరికి ఆయన పాత చొక్కా తొడుక్కుని, తలపాగా చుట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. అత్తయ్య పులిహోర కలుపుతోంది. మోకాళ్లు సహకరించకపోయినా గట్టున కూర్చుని పత్తిలో చెత్త ఏరతానంది. తాళం వేసి ఇల్లంతా బయలుదేరాం. కిష్టప్పకు మా ఆయన ఫోను చేస్తే, నాకెందుకు ముందే చెప్పలేదని తిట్టి, ద్వారబంధాలు అక్కడే వదిలేసి మాకంటే ముందే చేరుకున్నాడు.

మేము చేనులోకి దిగడం చూసి సుంకవ్వ వరుసలు చూపించింది, అంతే. అయితే కొంగుతో ముఖం తుడుచుకోవడానికి అవసరమైనదానికన్నా ఎక్కువసేపు పట్టింది ఆమెకు. మబ్బు బాగా కిందికి దిగింది. పడితే ఆ రాత్రికో తెల్లారికో పడుతుంది. తడిస్తే పత్తి నల్లబడుతుంది, ఏడాది కష్టం మట్టిపాలు.

మామయ్యగారు ఉత్సాహంగా తీశారు. ఎండాకులతో సహా తీశారు. సుంకవ్వ ఆయన వరుస దగ్గర ఆగి ఒడిలోకి తొంగి చూసింది.

"పెద్దయ్యా, ఆకు రానియ్యద్దు. గిట్ల, కాయ మొదట్ల పట్టుకోని తియ్యాలె."

వందల బస్తాల వరి పండించిన మనిషి, క్యాంపులో ఎవరి మాటా వినని మనిషి, సరేనమ్మా అని బుద్ధిగా మొదటినుంచీ మొదలుపెట్టారు. మా ఆయనా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం. చూసుకుంటే నవ్వొచ్చేది.

మధ్యాహ్నం దాటాక మామయ్యగారి జేబులో ఫోను మోగింది. ఆయన వేళ్ల నిండా పత్తి పీచు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడారు. అవతల హైదరాబాదు ఆయన, లేతు చూడటానికి బయలుదేరమంటారా అని అడుగుతున్నాడు.

"ఇప్పుడు చేతులు ఖాళీ లేవు బాబూ" అన్నారు మామయ్యగారు. అవతలివాడు ఇంకేదో అడిగాడు. "ఇక మీదట కూడా ఖాళీ ఉండవేమో. మీరు వేరేచోట చూసుకోండి."

ఫోను జేబులో వేసుకుని, మళ్లీ కాయ మొదట్లో పట్టుకుని తియ్యడం మొదలుపెట్టారు. మా ఆయన రెండు వరుసల అవతల ఉన్నాడు. విన్నాడో లేదో నేను అడగలేదు. అతని చేతులు మాత్రం కాసేపు ఆగాయి.

పొద్దు వాలుతుండగా గట్టు మీద అలికిడైంది. అయ్యమ్మ, ఆమె వెనక వీధిలోని ఆడవాళ్లు మరికొందరు, ఒడులు కట్టుకుని దిగారు. అయ్యమ్మ నేరుగా మామయ్యగారి ముందుకు వచ్చి నిలబడింది. మేము ఈ చేనుకు చెయ్యి వేస్తాం, మరి నా రెండో తీతకు మీరంతా వస్తారా అని అడిగింది. పులిహోర కూడా తేవాలని షరతు పెట్టింది. అత్తయ్య గట్టు మీద నుంచే ఒప్పుకుంది.

చీకటి పడకముందే పత్తంతా సంచుల్లోకి, సంచులన్నీ సుంకవ్వ ఇంట్లోకి చేరాయి. ఇంట్లో మనుషులు నిలబడటానికి చోటు లేక అందరం వీధిలోనే చాయ్ తాగాం. తెల్లారి ముసురు పట్టింది. ఆ చినుకుల చప్పుడు వింటూ పడుకుని, దేవుడికి నేను ఆ రోజు పెట్టుకున్న దండం ఇంకెప్పుడూ పెట్టుకోలేదు. ముసురు వెలిసి ఎండ కాశాక అయ్యమ్మ చేనుకూ వెళ్లి మా పాలి, అంటే మా వంతు, తీర్చుకుని వచ్చాం. ఆ తీతకు మామయ్యగారి ఒడిలో ఆకు కనిపించలేదు.

సుంకవ్వ షెడ్డుకు తిరిగొచ్చింది. బిగుసుకుపోయిన పట్టీలు ఊడదీసి, ఆవిరి పట్టించి, మా ఆయన వేసిన వంకర మడతను చూసి ఇదెవరు జేసిండ్రని అడిగి, జవాబు కోసం ఆగకుండా సరిచేసింది. ఉల్లిపాయల తిత్తికి జత దొరికేదే, తప్పిపోయింది అన్నాను నేను. తిత్తి పూర్తయ్యాక, ఎప్పటిలాగే కిటికీలు లేని గదిలోకి పట్టుకుపోయి తలుపు వేసి, తిత్తి లోపల బల్బు వెలిగించి చూశాం. ఎక్కడైనా సూది మొనంత చిల్లున్నా చుక్కలా మెరుస్తుంది. ఒక్క చుక్కా లేదు. ఆ చీకట్లో మా ఆయన నమస్కారం పెట్టడం నాకు కనిపించలేదు గాని, చేతులు కలిసిన చప్పుడు వినిపించింది.

ప్రతి కెమెరాతోనూ పంపేముందు ఒక ఫోటో తీసి చూస్తాం. మామూలుగా మా ఆయన కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలను తీసేవాడు, అవి కదలవని. ఈసారి యాపలదిన్నికి తీసుకుపోయి, ఇంకా తీతకు రాని ఆఖరి పత్తి చేను ఒకటి తీశాడు. ఆ ఫోటో కూడా కెమెరాతో పాటు పెట్టెలో పెట్టాడు.

పెట్టెకు మేకులు కొట్టిన రోజు సుంకవ్వ లేతు మిషను వైపు చూసింది. చీర అక్కడే ఉంది. దాన్ని తియ్యాలంటే మా ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు.

"అది ఇప్పుడియ్యండ్రి" అంది.

నేను తెల్లబోయి చూశాను.

"పనికి పని అయిపోయింది గద. ఇగ అది ఉత్త చీర. కట్టుకుంట."

అత్తయ్యకు ఫోను చేసి చెప్పాను. ఆవిడ మళ్లీ ఏడ్చింది, ఈసారి ఎందుకో ఆవిడకే తెలియదు. అంత బాగున్న చీర నా చేతిలోంచి పోయిందని నాకూ కొంచెం దిగులు వేసింది, అబద్ధమెందుకు. కానీ ఆ చీర సుంకవ్వకు నాకన్నా బాగుంది.

కెమెరా మంచు ఉండగానే చేరింది. పెద్దావిడ అన్న మాట ప్రకారం సొమ్ము పంపింది. మీ ఊళ్లో కూడా ఇంత మంచు పడుతుందా, అయితే ఆ చెట్లు అంత పొట్టిగా ఎందుకున్నాయని అడిగింది. మా ఆయన ఆ జవాబు రాయడానికి ఒక పూటంతా కూర్చున్నాడు. సుంకవ్వ గురించి కూడా రాశాడట.

కరువు తీరిపోయిందని చెప్పను. ఇప్పటికీ విదేశాల నుంచి ఆర్డర్లు వచ్చేది అప్పుడొకటి అప్పుడొకటి. మధ్య రోజుల్లో సుంకవ్వ అత్తింటి పేరు చెప్పుకుని చుట్టుపక్కల ఊళ్ల భజన మేళాలు హార్మోనియంలు తెస్తున్నాయి. లక్షల విలువైన కెమెరాలు చేసిన షెడ్డులో ఇప్పుడు సగం రోజులు భజన పెట్టెలే. మా ఆయన మొదట్లో ముఖం ముడుచుకున్నాడు గాని, బాగైన ప్రతి పెట్టె మీదా ఒక పాట వాయించి చూస్తున్నాడు. ఒక్క పాటే వచ్చు ఆయనకు. కిష్టప్ప ఉలులు గుడ్డలోంచి బయటికొచ్చాయి. లేతు ఉన్నచోటే ఉంది.

ఈ ఏడు తొలకరి పడ్డ మూడో నాడు నేను షెడ్డు ఊడుస్తుంటే సుంకవ్వ ఫోను చేసింది. ఆమె పని లేని రోజది. తిత్తి గురించేమో అనుకున్నాను.

"దేవికమ్మా, సోమవారం అయ్యమ్మ చేన్ల విత్తనం పెట్టేదున్నది. మీ ఇంటి పాలి. పెద్దయ్యకు చెప్పు, తలపాగా మరవద్దని" అని ఫోను పెట్టేసింది.

వస్తారా అని అడగలేదు.